అడిగి తెలుసుకోవడం – బుడమేరు అధ్యయనం నేర్పిన పాఠాలు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. విద్యార్థి చేసే పరిశోధనకు ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. డిగ్రీ చదువులో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు భాగమైన తరువాత మనమందరం ఏదో ఒక అంశం మీద నివేదిక రాయక తప్పడం లేదు. పాత నివేదికలో ఊరిపేరు మార్చి అప్పగించడం సులభమే. కాని మన ఊళ్లో జరిగినదాన్ని, దాన్ని ఎరిగినవారి నోట విని రాయడంలో ఉన్న చదువు అందులో దొరకదు. 2024 సెప్టెంబరు వరదల మీద మా ఐదుగురి బృందం చేసిన అధ్యయనం ఆధారంగా, రాబోయే తరగతులవారికి పనికొచ్చే కొన్ని విషయాలు ఇక్కడ మనవి చేస్తాను.

ముందు చదువు, తరువాత ప్రశ్న

నిపుణుల దగ్గరకు ఉత్త చేతులతో వెళ్లకూడదు. పుస్తకంలో ఉన్న సంగతిని మళ్లీ వారిచేత చెప్పించుకోవడం వారి కాలాన్ని వృథా చేయడమే. మేము ముందుగా సమకూర్చుకున్న సమాచారం ఇది. కృష్ణపై తొలి ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో అది తెగిన మీదట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 2009 అక్టోబరులో బ్యారేజీ వద్ద వరద 11.10 లక్షల క్యూసెక్కులకు చేరగా, 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28 లీటర్లు.

అయితే సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఈ ఏటి నీటిని వెలగలేరు వద్ద మళ్లించి, డైవర్షన్ కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపుతారు. ఆ కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. ఇంత తెలిశాక మాకు అసలు ప్రశ్న దొరికింది: కృష్ణలోకి పోవలసిన నీరు ఊరి మీదికి ఎందుకొచ్చింది?

ఎవరిని అడగాలి?

నిపుణుడంటే పట్టా ఉన్నవాడే అనుకోనక్కర లేదు. ఎవరికి ఏది స్వయంగా తెలుసునో దానిలో వారే నిపుణులు. మేము నాలుగు రకాల వారిని ఎంచుకున్నాం.

ఉద్యోగ విరమణ చేసిన నీటిపారుదల ఇంజనీరుగారు కాగితం మీద రెండు గీతలు గీసి చూపించారు. "చూడండి బాబూ, నదిలో నీటిమట్టం కింద ఉన్నంతసేపే కాలువ నీరు అందులోకి దిగుతుంది. నదే నిండి ఉంటే కాలువ ఎక్కడికి పోతుంది? వెనక్కి ఎగదన్నుతుంది." కృష్ణకూ బుడమేరుకూ ఒకేసారి వరద రావడమే ప్రమాదమని మాకు అప్పుడు బోధపడింది.

ఏళ్ల తరబడి కాలువగట్టు మీద తిరిగిన ఒక లస్కరు ఇంకో సంగతి చెప్పాడు. కట్ట అవతల ఊట తేటగా వస్తుంటే కనిపెట్టి ఉండాలట, బురదగా వస్తే కట్ట లోపల మట్టి కోసుకుపోతున్నట్టేనట. కొల్లేరు అంచున వరి పండించే రైతు, "మీ ఊళ్లో తీసిన నీళ్లు మా చేలో నిలబడతాయండీ. కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే కదా" అన్నాడు. నగరం గురించి మొదలుపెట్టిన అధ్యయనం డెల్టా అంతటికీ సంబంధించినదని ఆ ఒక్క మాటతో తేలింది.

ఎలా అడగాలి?

అధికారుల వద్దకూ ఇంజనీర్ల వద్దకూ ప్రిన్సిపాల్‌గారి సంతకంతో లేఖ, ఐదారు ప్రశ్నల కాగితం ముందుగా పంపడం మంచిది. మాటలు రికార్డు చేసుకోదలిస్తే అనుమతి అడగాలి. "వరదకు కారణమేమిటి?" అంటే ఉపన్యాసం వస్తుంది. "ఆదివారం నాడు నీళ్లు మీ గడప దాటేసరికి ఏ వేళయింది?" అంటే సమాచారం వస్తుంది. గంట గుర్తులేని వారిని కరెంటు పోకముందా, పోయాకా అని అడిగాం. వారి ఫోన్లలోని ఫోటోలకు సమయం ఉంటుంది కనుక దానితో సరిచూశాం. గోడమీది నీటి మరకను టేపుతో కొలిచాం.

ఇళ్ల దగ్గర అడిగేటప్పుడు మరో బాధ్యత ఉంది. ఒక మామ్మగారు, "ఇదివరకే ముగ్గురు రాసుకెళ్లారు. నువ్వు రాస్తే ఏమైనా వస్తుందా అమ్మాయ్?" అన్నారు. సర్వం తడిసి పాడైన ఇంట్లో పుస్తకం పట్టుకు నిలబడితే నష్టపరిహారం జాబితా అనుకోవడం సహజం. ఇది ఆ జాబితా కాదని, మేము విద్యార్థులమని మొదటి మాటగానే చెప్పాలి. అలా చెబితే కొందరు తలుపు వేసుకుంటారు, వేసుకోనివ్వాలి. ఆశ చూపించి రాబట్టిన సమాధానం ఎంత వివరంగా ఉన్నా అది మనకు చెల్లదు.

రెండు సమాధానాలు పొసగనప్పుడు

"ఎవరూ ముందుగా చెప్పలేదు" అన్నారు వీధిలోనివారు. "అంత నీటిని ఆపడం ఎవరి తరం?" అన్నారు ఇంజనీరుగారు. మొదట ఇవి పరస్పర విరుద్ధాలుగా తోచాయి. జాగ్రత్తగా చూస్తే ఒకటి నీటికి సంబంధించినది, రెండవది కబురుకు సంబంధించినది. నీటిని ఆపలేకపోయినా కబురు ముందు నడవవచ్చు. ఈ మాట ఇంజనీరుగారి ముందు పెడితే ఆయన కాసేపు ఆలోచించి, "అది నిజమే. గట్టు మీద తెలిసిన సంగతి గడపకు చేరడానికి దారి ఉండాలి" అన్నారు. మా నివేదికకు వెన్నెముక ఈ వాక్యమే. ఒకరి మాటను మరొకరి ముందు పెట్టకపోతే అది మాకు దొరికేది కాదు.

తీసుకున్నది తిరిగి ఇవ్వాలి

నివేదిక బీరువాలో చేరితే పౌరధర్మం పూర్తికాదు. వీధుల వారీగా నీరు వచ్చిన వేళ, నిలిచిన ఎత్తు పట్టికగా తెలుగులో రాసి, చెప్పినవారికే చదివి వినిపించాం. ఇద్దరు ముగ్గురు అక్కడికక్కడే సవరణలు చెప్పారు. తరువాత ఆ వీధివాళ్లే సంతకాలు చేసి, వరద మట్టం గోడల మీద రంగుతో గుర్తించాలనీ, కట్ట పరిస్థితి వార్డుకు వెంటనే తెలిసే ఏర్పాటు చేయాలనీ అర్జీ పెట్టుకున్నారు. చేతికి వచ్చింది రసీదు మాత్రమే. అయినా ఆ అర్జీ వెనుక కొలతలున్నాయి.

కార్యాలయాల నుంచి కాగితాలు కావలసినవారికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా స్థాయి కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. అక్కడ "ఎందుకు చేయలేదు?" అని కాక, ఫలానా రికార్డు నకలు ఇవ్వండి అని అడగాలి.

మిత్రులారా, కంకిపాడులో పుట్టి, నాగార్జునసాగర్ వంటి ప్రాజెక్టులకు పనిచేసిన ఇంజనీరు కె.ఎల్.రావుగారిని లోక్‌సభకు పంపిన నియోజకవర్గం మనది. ఆయన తన జ్ఞాపకాల గ్రంథానికి పేరులోనే 'క్యూసెక్స్' అన్న మాట పెట్టుకున్నారు. నీటి లెక్క తెలిసినవారూ ఓటువేసేవారూ ఒకరి మాట ఒకరు వినాలన్నది ఈ నేలకు కొత్త సంగతి కాదు. వారిద్దరి మధ్య నోటుపుస్తకంతో తిరిగే పని విద్యార్థులది. బుడమేరుకు మళ్లీ వాన రాకముందే ఆ పని మొదలుపెడదాం.