అదనపు వారంటీకి డబ్బు కట్టేముందు

ప్రశ్న: మొన్న వేసవిలో మా ఊళ్లో ఒక షోరూంలో 44 వేల రూపాయలకు ఏసీ కొన్నాం. ఇంకో 5,200 కడితే కంపెనీ వారంటీ అయ్యాక మరో మూడేళ్లు తమదే బాధ్యత అన్నారు. అది తీసుకుంటేనే వడ్డీ లేని ఈఎంఐ వర్తిస్తుందని సేల్స్‌మన్ చెప్పడంతో కట్టేశాం. ఇప్పుడు ఫ్రిజ్ కొనబోతుంటే మళ్లీ అదే మాట అంటున్నారు. తీసుకోవడం మంచిదేనా? ఏసీకి కట్టిన ఆ డబ్బు వెనక్కి అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ముందు ఆ ‘తీసుకుంటేనే’ అన్న మాట సంగతి చూద్దాం. ఒక వస్తువు అమ్మడానికి ఇంకో వస్తువో సేవో కొని తీరాలని షరతు పెట్టడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నిర్బంధ వ్యాపార పద్ధతి. సెక్షన్ 2(41) ఈ సంగతే చెబుతుంది. వారంటీ తీసుకోకపోతే ఏసీయే అమ్మం అని ఉంటే మీ కేసు గట్టిది. వాళ్లు షరతు పెట్టింది ఈఎంఐ ఆఫర్‌కు కాబట్టి షోరూం వాదించుకోవడానికి కొంత చోటుంది. అందుకని ఆ ఆఫర్ కరపత్రం, బిల్లు బయటికి తీయండి. షరతు అందులో ఎక్కడా లేకుండా సేల్స్‌మన్ నోటిమాటగా మాత్రమే చెప్పి ఉంటే, లేనిది ఉన్నట్టు చెప్పి మీచేత డబ్బు కట్టించినట్టే. అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. వారంటీ పత్రంలో రద్దు షరతు ఉందేమో కూడా చూడండి. కొన్ని పథకాల్లో గడువులోగా రద్దు చేసుకుంటే కట్టిన సొమ్ము మొత్తమో కొంతో తిరిగి ఇస్తారు. అడిగేది ఫోన్లో కాదు, ఈమెయిల్‌లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో అడగండి.

ఆన్‌లైన్‌లో కొనేవారికి ఇదే తిరకాసు ఇంకో రూపంలో ఎదురవుతుంది. టీవీ ఎంచుకుని డబ్బు కట్టే పేజీకి వెళ్లేసరికి వారంటీ పక్కన టిక్కు పడి ఉంటుంది. 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఇలా ముందే టిక్కు పెట్టి సమ్మతి తీసుకోవడాన్ని ఒప్పుకోవు. అడగని సరుకు బిల్లులోకి చేర్చడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు కూడా నిషేధించాయి. డబ్బు కట్టకముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఇక అసలు ప్రశ్న, తీసుకోవచ్చా అని. అదనపు వారంటీ చట్టం ఇచ్చే హక్కు కాదు, మీరు డబ్బు పెట్టి కొనుక్కునే ఒక ఒప్పందం. కొనేముందు మీ చేతిలో ఇప్పటికే ఏముందో తెలియాలి. యూరోపియన్ యూనియన్‌లో కొత్త వస్తువు మీద కనీసం రెండేళ్లపాటు అమ్మినవాడిదే బాధ్యతని చట్టమే చెబుతుంది. మన దగ్గర అలా అన్ని వస్తువులకూ వర్తించే కనీస గడువు లేదు. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టంలోని సెక్షన్ 16 ప్రకారం, ఏ పనికి కొన్నామో చెప్పి అమ్మేవాడి మీద నమ్మకంతో కొంటే వస్తువు ఆ పనికి పనికిరావాలి. అదే చట్టంలోని సెక్షన్ 62 మాత్రం ఒప్పందం ద్వారా ఆ బాధ్యతను తగ్గించుకునే వీలు కల్పించింది. కాబట్టి మన దేశంలో కంపెనీ వారంటీ కార్డే ముఖ్యం. పెట్టెలోంచి తీసి డ్రాయర్లో పడేసే ఆ కాగితం చదవకుండా, అదనంగా ఏం కొంటున్నామో ఎవరూ చెప్పలేరు.

ఏసీ కార్డు ఒకటి తీసి చూడండి. యంత్రం మొత్తానికి ఒక ఏడాది, కంప్రెసర్‌కు ఐదేళ్లో పదేళ్లో ఉంటుంది. ఈ మధ్య పీసీబీకి (లోపలి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుకు) విడిగా కొన్నేళ్లు ఇస్తున్నవాళ్లూ ఉన్నారు. ఫ్రిజ్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి, ఒక ఏడాది మొత్తానికి, పదేళ్లు కంప్రెసర్‌కు. షోరూంలో సేల్స్‌మన్ ‘పదేళ్ల వారంటీ సార్’ అంటూ అమ్మి, బిల్లు దగ్గరికొచ్చేసరికి ‘ఏడాది తర్వాత ఏమైనా అయితే ఎలా సార్?’ అంటాడు. రెండూ నిజమే. నాలుగో ఏట కంప్రెసర్ పోతే కొత్త కంప్రెసర్ ఉచితంగా వస్తుంది. కానీ గ్యాస్ నింపడానికి, మెకానిక్ రాకకు, విప్పి బిగించడానికి, ఆ బిల్లు మీద 18 శాతం జీఎస్‌టీకి డబ్బు మీరే పెట్టుకోవాలి. పదేళ్ల వారంటీ ఉందని ధీమాగా ఉన్న ఇంటికి వేల రూపాయల బిల్లు వచ్చేది ఇక్కడే.

అదనపు వారంటీ ఏమైనా పనికొస్తే ఈ ఖర్చులకే పనికిరావాలి. కాబట్టి దాని నిబంధనల్లో నాలుగు మాటలు వెతకండి: గ్యాస్, పీసీబీ, కాయిల్ తుప్పు, సర్వీస్ చార్జీలు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి కాయిల్ తుప్పుపట్టి గ్యాస్ కారిపోవడం మామూలే. తుప్పు మా బాధ్యత కాదని చాలా పత్రాలు చిన్న అక్షరాల్లో తేల్చేస్తాయి. వోల్టేజి హెచ్చుతగ్గులూ అంతే. అవుట్‌డోర్ యూనిట్ పీసీబీ మీద బల్లి పడి షార్టయినా, వాషింగ్ మెషిన్ వైర్లు ఎలుక కొరికినా మెకానిక్ జాబ్ షీట్‌లో ‘బయటి కారణం’ అని రాసి చేతులు దులుపుకుంటాడు. మన ఇళ్లలో పీసీబీలు పోయే కారణాల్లో ఇవి చిన్నవేమీ కావు. అంటే ఎక్కువ భయపెట్టే ప్రమాదాలే పత్రం బయట ఉండిపోతాయి.

లెక్క వేసుకుందాం. మీరు కట్టింది 5,200. ఆ మూడేళ్లలో ఒక పెద్ద రిపేరు వచ్చి దానికి 9 వేలు అవుతుందనుకోండి. అది వచ్చే అవకాశం సగానికి పైగా ఉంటేనే ఈ బేరం మీకు గిట్టుబాటు. సగానికి పైగా ఏసీలు నాలుగేళ్లలోపే అలా పడిపోతాయని షోరూం తనే ఒప్పుకుంటే, ఆ బ్రాండు కొనకపోవడమే మేలు కదా!

నన్నడిగితే ఫ్రిజ్‌కు అక్కర్లేదు. ఆ డబ్బు విడిగా దాచుకోండి, అవసరమైతే మంచి స్టెబిలైజర్ కొనండి. ఏసీకి గ్యాస్, పీసీబీ రెండూ కలిపి తయారీ కంపెనీ తనే ఇస్తే ఆలోచించవచ్చు. పెద్ద టీవీ సంగతి వేరు. ప్యానెల్ పోతే రిపేరు ఖర్చు కొత్త టీవీ ధరలో పెద్ద భాగమే అవుతుంది. ప్యానెల్‌కు వర్తిస్తుందని స్పష్టంగా రాసిన కంపెనీ పథకమైతే తీసుకోవడంలో తప్పులేదు. మిక్సీలకూ, మైక్రోవేవ్‌లకూ అడిగితే నవ్వి ఊరుకోండి.

‘కంపెనీ తనే’ అని నొక్కి చెప్పడానికి కారణముంది. షోరూం పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నా, బాధ్యత వహించేది ఎవరో మూడో సంస్థ కావచ్చు. రేపు షోరూం ‘మాకు సంబంధం లేదు, వాళ్లనడగండి’ అంటుంది. ఆ సంస్థ వస్తువు విలువలో ఏడాదికింత తరుగుదల అని కోసి, రిపేరుకు బదులు కూపన్ చేతిలో పెడుతుంది. ఇవన్నీ పత్రంలో ఉంటాయి, మనమే చూడం. వెనకాల బీమా సంస్థ ఉండి, పాలసీ మీ పేరు మీద ఉంటే మాత్రం ఒక వెసులుబాటు ఉంది. క్లెయిమ్ తిరస్కరించినప్పుడు, ముందు ఆ సంస్థకు రాసి ఫలితం లేకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోవే.

అదనపు వారంటీ లేనంత మాత్రాన ఏడాది దాటాక దిక్కులేదని అనుకోకండి. వస్తువులో లోపం వారంటీ ఉండగానే బయటపడి, ఫిర్యాదు అప్పుడే నమోదైతే, తర్వాత గడువు ముగిసిందన్న సాకు నిలవదు. పదకొండో నెలలో చిన్న శబ్దం వచ్చినా ఫిర్యాదు నంబరు తీసుకోండి. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ జాబ్ షీట్ కాపీ అడగండి. అదే పార్టు మళ్లీ మళ్లీ మార్చాల్సి వస్తే ఆ కాగితాలే మీ సాక్ష్యం. వారంటీని కొన్న తేదీ నుంచి కాకుండా బిగించిన తేదీ నుంచి లెక్కించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో కంపెనీలను కోరింది. అది విజ్ఞప్తి మాత్రమే, చట్టం కాదు. అయినా బిగించిన రోజు కాగితం మీద సంతకం, తేదీ వేయించుకోండి. ఇక లోపమున్న టీవీ పేలి మనిషికి గాయమైనా, ఇల్లు కాలినా అది వినియోగదారుల రక్షణ చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కిందికి వస్తుంది. వారంటీ ఉందా లేదా అన్నది అక్కడ అడ్డు కాదు. అయితే పాడైన ఆ టీవీ ధరను ఆ అధ్యాయం కింద అడగడానికి వీల్లేదు.

షోరూం గానీ కంపెనీ గానీ మీ మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా తగాదాలు అక్కడే తెమిలిపోతాయి. అప్పటికీ కాకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షోరూం ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు ఉండి తీరాలన్న నియమమూ లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయవచ్చు. వస్తువును పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో, లేకుంటే మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది గానీ, ఆచరణలో ఆలస్యం జరుగుతూనే ఉంటుంది. మీ చేతిలో ఉన్న గడువు మాత్రం రెండేళ్లు, ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి.