పరీక్ష అయ్యాక తీసిన పుస్తకాలు

హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ పుస్తకమంటే పరీక్ష కోసమే అనుకున్నాం. పరీక్ష అయిపోయాక కూడా మళ్ళీ మళ్ళీ తీసి చదువుకునేవి కొన్ని ఉంటాయని బయటికి వెళ్ళాక గాని మా బ్యాచ్ వాళ్ళకు తెలియలేదు. వాటిలో రెండింటిని గురించి తమ్ముళ్ళకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

మొదటిది గుర్రం జాషువా గారి 'గబ్బిలం' (1941). అందులో కొన్ని పద్యాలు బట్టీపట్టి, ప్రతిపదార్థం రాసి, మార్కులు తెచ్చుకుని వదిలేసిన వాళ్ళమే మేమంతా. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘంతో భార్యకు కబురంపుతాడు. ఇక్కడ కబురు పంపేవాడు తంజావూరు సీమలోని ఒక అంటరాని పేదవాడు, అందుకోవలసినవాడు శివుడు. మోసుకుపోయేది హంస కాదు, ఇంట్లోకి వస్తే అరిష్టమని తరిమే గబ్బిలం. అది గుడిలో తలకిందులుగా వేలాడినా ఎవరూ అడ్డు చెప్పరు కదా! పూజారి దగ్గర లేని సమయం చూసి స్వామి చెవిన వేయమంటాడు ఆ పేదవాడు. ఆ మాట దగ్గర మేము ఇప్పటికీ ఆగిపోతాం. అందులో ఏడుపుంది, దాని పక్కనే వెక్కిరింపూ ఉంది. పరీక్షలో మాత్రం కరుణ రసమని రాసి ఊరుకున్నాం.

రెండవది అంబేడ్కర్ గారి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. చిన్న పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. 1901లో ఆయన, అన్నగారు, అక్క కొడుకులు కొత్త బట్టలు వేసుకుని సతారా నుండి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరకు బయల్దేరారు. ముందుగా వేసిన ఉత్తరం తండ్రికి అందలేదు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకెళ్ళేందుకు ఎవరూ రాలేదు. ఎవరు మీరని స్టేషన్ మాస్టరు అడిగితే, మహర్లమని ఆ పసివాడు ఆలోచించకుండా చెప్పేశాడు. అంతే, ఆయన ముఖం మారిపోయింది. బండివాళ్ళెవరూ రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానని. తినడానికి తిండి వెంటే ఉంది. తాగడానికి నీళ్ళు దొరకక ఆ రాత్రి తినకుండానే పడుకున్నారు.

ఇంటర్లో చేరిన కొత్తలో "ఎక్కడుంటున్నారు?" అని క్లాసులో అడిగితే, "రూములో" అని చెప్పేవాళ్ళం. హాస్టలు పేరు చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో మాకు తెలుసు. మసూర్ స్టేషన్ పేజీ చదివిన రోజున ఆ అబద్ధం గుర్తొచ్చి చాలాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. అప్పటినుంచి ఎవరడిగినా హాస్టలు పేరే చెబుతున్నాం. మొదట్లో గొంతు కాస్త తడబడేది.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన 'మాలపల్లి' కూడా చదవండి గాని, అది పెద్ద నవల, సెలవుల్లో అయితేనే కుదురుతుంది. ఉపన్యాసాలు వచ్చినచోట మేమూ పేజీలు దాటేశాం.

పై రెండు పుస్తకాలూ ఈ వార్షికోత్సవానికి తెచ్చి స్టడీ రూము బీరువాలో పెడుతున్నాం. 'గబ్బిలం' అట్ట చిరిగితే క్యాలెండరు కాగితం అంటించాం. లోపలి పెన్సిలు గీతలు మావే, చెరపకండి. చోటున్నచోట మీరూ గీసుకోండి.