యోగాసన బోధనలో అంగముల కుదురు

ఆసనమనగా శరీరమును వింతగా మెలిపెట్టుట కాదు. కదలక, సుఖముగా నిలువగలుగుటయే ఆసనమని పతంజలి అభిప్రాయము. అట్టి నిలుకడకు అంగములన్నియు తమ తమ స్థానములందు పొందికగా నుండవలెను. ఈ పొందికనే మేమిచ్చట 'కుదురు' అనుచున్నాము.

బోధనలో దీనికి ప్రాధాన్యము కల్పించినవారిలో బి.కె.ఎస్. అయ్యంగారు ముఖ్యులు. వారు మన కృష్ణగిరి జిల్లాకు పొరుగుననున్న కోలారు జిల్లాలో, బెళ్లూరను గ్రామమున 1918లో జన్మించి, మైసూరులో తమ బావగారైన తిరుమలై కృష్ణమాచార్యులవారి యొద్ద అభ్యసించిరి. 1966లో వెలువడిన వారి 'లైట్ ఆన్ యోగ' గ్రంథము పాదముల నెట్లుంచవలెనో, చేతుల నెట్లు చాపవలెనో ఛాయాచిత్రములతో తెలిపినది. ఒడలు వంగనివారికి చెక్కదిమ్మెలను, పట్టీలను, గోడను ఆసరాగా నిచ్చుట వారి పద్ధతి.

తాడాసనము చూచుటకు ఊరక నిలుచున్నట్లే తోచును. కాని బరువంతయు మడమలపై వ్రాలినచో పొట్ట ముందుకు వచ్చి వెన్ను శ్రమపడును. తాపీమేస్త్రీ నూలుకు గుండు కట్టి గోడ నిలువును చూచునట్లు, ఉపాధ్యాయుడు ప్రక్కన నిలిచి చెవి, భుజము, తుంటి, చీలమండ ఒకే నిలువున నున్నవా యని పరిశీలింపవలెను.

వీరభద్రాసనమున ముందరి మోకాలు చీలమండకు సరిగా పైన నుండవలెను. మోకాలు తలుపు బందువంటిది. తుంటివలె అన్ని వైపులకు తిరుగునది కాదు. అది లోపలికి వ్రాలినచో కీలు మెలికపడి నొప్పి కలుగును.

బోధకుని మాట విద్యార్థికి తక్షణమే తెలియవలెను. ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకు మన పిల్లలకు మడమ, పిక్క, తుంటి, వెన్ను అను ఇంటి మాటలు చెవిని పడగానే ఆ అంగము కదలును. అర్థము కాని పేర్లు వల్లించినచో ప్రక్కవానిని చూచి అనుకరించుటయే మిగులును.

అయినను అందరి ఎముకలు ఒక్క తీరున నుండవు. ఒకని కొలత మరియొకనికి చెల్లదు. వీపుపై నొక్కి వంచుట ఎన్నడును తగదు. ఊపిరి బిగబట్టవలసి వచ్చినచో హద్దు దాటినట్లే. మెడపై బరువు మోపు శీర్షాసనమును పోటీగా చేయింపరాదు.

ఐక్యరాజ్యసమితి 2014లో ప్రకటించిన యోగదినము 2015 నుండి ఏటేట జూన్ 21న జరుగుచున్నది. ఆనాటి ప్రదర్శనలో వరుసలు తీరుగా నుండుట వేరు, పిల్లల ఒడలు తీరుగా నుండుట వేరు. మొదటిది చూపరులకు, రెండవది బిడ్డకు. కోటకొండ నెక్కునపుడును, బల్లపై కూర్చుండి వ్రాయునపుడును తోడ్పడునది ఆ రెండవదియే. ఉపాధ్యాయులు దానినే కోరుదురు గాక.