నెమరువేసే పశువుల్లో ఆమ్లజీర్ణం – రూమెన్ సూక్ష్మజీవుల అసమతుల్యత

నెమరువేసే పశువుల జీర్ణాశయంలోని నాలుగు గదుల్లో రూమెన్ (పెద్దపొట్ట) అతి పెద్దది. ఇందులోని ఒక మిల్లీలీటరు ద్రవంలో సుమారు వెయ్యి కోట్ల బాక్టీరియా, వాటితోపాటు ప్రోటోజోవా, శిలీంధ్రాలు జీవిస్తాయి. పశువు స్వయంగా జీర్ణించుకోలేని పీచును ఇవి పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. పశువుకు కావలసిన శక్తిలో అధిక భాగం ఈ ఆమ్లాల నుంచే లభిస్తుంది. కనుక పశువును మేపడమంటే ముందుగా ఈ సూక్ష్మజీవులను మేపడమే.

సమతుల్యత దెబ్బతినే విధానం

రూమెన్ ఉదజని సూచిక సాధారణంగా 6 నుంచి 7 మధ్య ఉంటుంది. నెమరువేసేటప్పుడు ఊరే క్షారగుణం గల లాలాజలం దీనిని నిలకడగా ఉంచుతుంది. అలవాటు లేని పశువు విందుల్లో మిగిలిన అన్నం, నూకలు లేదా మొక్కజొన్న పిండిని ఒక్కసారిగా అధికంగా తిన్నప్పుడు, గొర్రెలు కోసిన చేలల్లో రాలిన గింజలను విపరీతంగా మేసినప్పుడు ఈ నిలకడ దెబ్బతింటుంది. స్ట్రెప్టోకాకస్ బోవిస్ వేగంగా వృద్ధి చెంది లాక్టిక్ ఆమ్లాన్ని ఉత్పత్తి చేస్తుంది. ఆ ఆమ్లాన్ని వినియోగించుకొనే మెగాస్ఫీరా ఎల్స్‌డెనీ వంటి బాక్టీరియా అంత త్వరగా పెరగలేవు. ఉదజని సూచిక 5 కంటే తగ్గేసరికి పీచును జీర్ణించే బాక్టీరియా, ప్రోటోజోవా చాలావరకు నశించి, ఆమ్లాన్ని తట్టుకొనే లాక్టోబాసిల్లస్ ఆధిక్యం పొందుతుంది.

పరిణామాలు

గాఢత పెరిగిన రూమెన్ ద్రవం రక్తంలోని నీటిని లోనికి లాగుకొంటుంది. పశువు మేత, నెమరు మానివేస్తుంది. పేడ పలుచబడి పుల్లని వాసన వస్తుంది. కళ్లు లోతుకు పోతాయి, నడక తూలుతుంది. తీవ్రమైన స్థితిలో ఒకటి రెండు రోజుల్లోనే మరణించవచ్చు. కోలుకొన్న పశువుల్లోనూ గిట్టల వాపు, కాలేయంలో చీముగడ్డలు ఏర్పడవచ్చు. దాణా ఎక్కువై గడ్డి తగ్గిన పాడి పశువుల్లో ఈ స్థితి స్వల్పంగా, దీర్ఘకాలం కొనసాగుతుంది. పాలలో వెన్న శాతం తగ్గడం దీనికి ఒక సూచన.

నివారణ, చికిత్స

దాణా మార్పును 2–3 వారాల్లో క్రమంగా చేయాలి. దాణాకు ముందు గడ్డి వేయాలి. గింజలను మెత్తని పిండిగా కాక ముతకగా నలిపి ఇవ్వాలి. వ్యాధి లక్షణాలు కనిపించిన వెంటనే పశువైద్యుని సంప్రదించాలి. తూలుతున్న పశువుకు నూనెలు బలవంతంగా తాగిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. సోడియం బైకార్బొనేట్, సెలైన్ ఆమ్లత్వాన్ని, నీటి లోపాన్ని సరిదిద్దుతాయి. నశించిన సూక్ష్మజీవులను అవి తిరిగి తేలేవు. అందుకే ఆరోగ్యవంతమైన పశువు నుంచి సేకరించిన తాజా రూమెన్ ద్రవాన్ని వైద్యుని పర్యవేక్షణలో అందించడం చికిత్సలో ముఖ్యమైన అంగం.