చదివేవాడు లేనిచోట

రామసముద్రం

అమ్మణ్ణీ,

కుప్పంలో పీహెచ్‌డీకి చేరినావని మీ నాయన చెప్పినాడు. సంతోషం. నువ్వు చేరిన ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో పుట్టింది. దక్షిణాది భాషలన్నీ ఒకచోట చదువుకోవాలన్నది ఆశయం. 2009కి ముందు అక్కడే దూరవిద్యలో ఎం.ఫిల్‌, పీహెచ్‌డీలకు వేలల్లో ప్రవేశాలిచ్చారు. అన్ని సిద్ధాంతగ్రంథాలు చదివి దిద్దే గురువులు ఎక్కడి నుంచి వస్తారు? 2009లో యూజీసీ నిబంధనలు ఆ దారి మూసేశాయి.

తిరుపతి సంగతి ఇంకా విను. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు 2004 నుంచి 2007 వరకు దాదాపు 70 పరిశోధన పత్రాలు అచ్చు వేయించాడు. అంటే నెలకు ఒకటికి మించే! వాటిలో సొంత సరుకు లేదని, ఎత్తిరాసినవీ కల్పించినవీ అని 2008లో లోకానికి తెలిసింది. విదేశీ పత్రికల వాళ్లు పాత వ్యాసాలు పక్కన పెట్టుకుని చదివాకే గుట్టు బయటపడింది. అచ్చయిన నాలుగేళ్లూ పత్రాల సంఖ్య చూసినవాళ్లే గాని లోపల చూసినవాళ్లు లేరు.

తెలుగు శాఖల్లో అంత సాహసం అక్కరలేదు, మూస చాలు. మొదటి అధ్యాయం కవి జీవితం, రెండోది రచనల పట్టిక, మూడోది కథల సారాంశం, చివర సామాజిక స్పృహ. కవి పేరు మారిస్తే ఇంకో డాక్టరేటు. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో దించేస్తే పోలిక పట్టే సాఫ్ట్‌వేర్‌కు చిక్కడం కష్టం. గైడుకు చిక్కాలి, ఆయన చదివితే.

యాజమాన్యాల నటన వేరే. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతపు డీమ్డ్ విశ్వవిద్యాలయం ఒకటి మంచి గ్రేడు కోసం లంచమిచ్చిందన్న ఆరోపణపై, గ్రేడులిచ్చే నాక్ తనిఖీ బృందంలోని వాళ్లను కూడా సీబీఐ అరెస్టు చేసింది.

అనుకరణంతా పాపమనుకోవద్దు. మన మదనపల్లె పక్కన రిషివ్యాలీ పల్లెబడుల్లో ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కార్డులతో ఎవరి వేగాన వాళ్లు చదువుకునే పద్ధతి తయారైంది. చెన్నై కార్పొరేషన్ టీచర్లు వచ్చి, చూసి, నేర్చుకుని, 2003 నుంచి తమ బడుల్లో పెట్టుకున్నారు. ఎక్కడ నేర్చారో దాచలేదు.

వ్యాసం వేస్తామని నీకూ మెయిళ్లు వస్తాయి. హైదరాబాదులో పరిశోధన పత్రికలు వేసే ఓమిక్స్ సంస్థ అడగకుండానే కొందరి పేర్లు సంపాదకులుగా వేసుకుందని, రుసుము ముందు చెప్పలేదని అమెరికాలో కేసు నడిచింది. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. కాబట్టి పత్రికకు వ్యాసం పంపేముందు దాని సంపాదకుల్లో ఇద్దరికి నేరుగా రాసి, పేరు వాళ్లకు తెలిసే వేశారా అని అడుగు. మొదటి అధ్యాయం మీ గైడుతో పాటు నాకూ పంపు, ఏ మాట ఏ పుస్తకంలో ఏ పుటలో దొరికిందో రాసి.

మీ తాత