పికప్ బండికి పెద్ద టైర్లు: లాభమా, నష్టమా?

మన పల్లెలలో పంటను మార్కెట్టునకు చేర్చుటలో నేడు పికప్ బండికి ముఖ్యస్థానము కలదు. మదనపల్లె టమాటా అయినను, గుంటూరు యార్డునకు పోవు మిరప టిక్కీలయినను, తెల్లవారకముందే రైతుబజారు చేరవలసిన కూరగాయలయినను ఎక్కువగా ఈ బండ్లపైననే సాగుచున్నవి. స్వంతముగా పికప్ కొని నడుపుకొను రైతులును పెక్కుమంది కలరు. వీరిలో కొందరు బండితో వచ్చిన టైర్లను తీసివేయించి, వాటికంటె పెద్ద టైర్లను వేయించుచున్నారు. బండి ఎత్తు పెరుగుననియు, బురదలో దిగబడదనియు, ఎక్కువ బరువు మోయుననియు వారి నమ్మకము. ఈ మూడింటిలో ఎంత నిజమున్నదో, దానికై చెల్లించవలసిన మూల్యమెంతో లెక్క వేసి చూచుకొనుట అవసరము.

టైరుపై గల అంకెల అర్థము

టైరు ప్రక్కభాగమున 215/75 ఆర్ 15 అని యున్నదనుకొందము. ఇందు 215 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనునది టైరు ప్రక్కగోడ ఎత్తు. అనగా వెడల్పులో నూటికి 75 వంతులు. ఆర్ అనగా రేడియల్ టైరు. 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో.

దీని తరువాత 104 వంటి అంకెయు, ఒక అక్షరమును ఉండును. ఆ అంకె టైరు మోయగల బరువును తెలుపు సంకేతము. 100 అనగా 800 కిలోలు, 104 అనగా 900 కిలోలు, 108 అనగా 1,000 కిలోలు. గీతకు అటునిటు రెండు అంకెలున్నచో మొదటిది ఒంటి టైరునకు, రెండవది జంట టైర్లకు వర్తించును. చివరి అక్షరము ఎంత వేగము వరకు ఆ టైరు ఆ బరువును మోయగలదో తెలుపును. టైరు తయారైన కాలము నాలుగంకెలలో వ్రాయబడి యుండును. 2324 అని యున్నచో అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. టైరు కొనునపుడు ఈ అంకెలను, ఐ.ఎస్.ఐ. ముద్రను చూచి కొనవలెను.

ఎత్తు ఎంత పెరుగును?

215/75 ఆర్ 15 టైరు తీసి 235/75 ఆర్ 15 టైరు వేసితిమనుకొందము. లెక్క ఇట్లుండును.

పాత టైరు: ప్రక్కగోడ 161.25 మి.మీ.; పైన, క్రింద కలిపి 322.5 మి.మీ.; రిమ్ము 381 మి.మీ.; మొత్తము వ్యాసము 703.5 మి.మీ.

క్రొత్త టైరు: ప్రక్కగోడ 176.25 మి.మీ.; పైన, క్రింద కలిపి 352.5 మి.మీ.; రిమ్ము 381 మి.మీ.; మొత్తము వ్యాసము 733.5 మి.మీ.

వ్యాసము పెరిగినది 30 మి.మీ. అయితే ఇరుసు చక్రమునకు నడుమ నుండును గనుక బండి లేచునది అందులో సగమే, అనగా 15 మి.మీ. మాత్రమే. డొంకదారిలో గాడి అడుగున్నర లోతున్నపుడు ఈ ఒకటిన్నర సెంటీమీటరుతో గట్టెక్కుట కల్ల. పెద్ద చక్రము గుంటను సులువుగా దాటుననుట నిజమే. ఎడ్లబండి చక్రమును మన పెద్దలు అంత ఎత్తుగా చేయించుకొనుటకు అదియే కారణము. కాని పికప్ చక్రము నూటికి నాలుగు వంతులు పెరిగినంత మాత్రమున ఎడ్లబండి చక్రము కాజాలదు.

లాగుడు, బ్రేకు తగ్గుట

నిండు బిందెను రొమ్మునకు దగ్గరగా పట్టుకొనిన సులువుగా నుండును. చేయి చాచి పట్టుకొనిన నిమిషములో భుజము నొప్పి పుట్టును. బిందె బరువు మారలేదు, దూరము మాత్రమే మారినది. చక్రము సంగతియు ఇంతే. ఇంజను నుండి ఇరుసునకు వచ్చు తిరుగుడు బలము మారదు. ఇరుసు నుండి నేలకు దూరము పెరిగినకొలది చక్రము నేలను నెట్టు బలము తగ్గును. పై లెక్కలో ఈ తగ్గుదల నూటికి నాలుగు వంతులు. ఖాళీ బండికి ఇది తెలియకపోవచ్చును. నిండు బరువుతో అరకు ఘాటువంటి దారి ఎక్కునపుడును, పొలము గట్టు దాటి రోడ్డెక్కునపుడును తెలియును. మూడవ గేరులో ఎక్కిన చోట రెండవ గేరు వేయవలసి వచ్చును. ఎత్తున బండి కదిలించునపుడు క్లచ్చు ఎక్కువగా జారి త్వరగా అరుగును.

బ్రేకు విషయములో మరింత జాగ్రత్త అవసరము. బ్రేకు పట్టునది ఇరుసు దగ్గర. ఆగవలసినది నేల దగ్గర. చక్రము పెద్దదైన కొలది అదే తొక్కుడుకు నేలపై పట్టు తగ్గును. పైగా పెద్ద టైరు బరువెక్కువ గనుక తిరుగుచున్న చక్రమును ఆపుటకే ఎక్కువ శక్తి కావలెను. బ్రేకు డ్రమ్ము, డిస్కు మాత్రము పాతవే. దిగుడు దారిలో నిండు బరువుతో వచ్చునపుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదలు ప్రమాదము ఇందువలన పెరుగును.

మీటరు చెప్పు లెక్క

పాత టైరు ఒక కిలోమీటరు దూరములో సుమారు 452 చుట్లు తిరుగును. క్రొత్త టైరు 434 చుట్లు మాత్రమే. మీటరు చుట్లనే లెక్కించును గాని నేలను కొలువదు. కావున మీటరుపై 60 అని చూపునపుడు బండి, పాత టైర్లతో 60 చూపునప్పటికంటె నూటికి నాలుగు వంతులు, అనగా గంటకు సుమారు రెండున్నర కి.మీ. హెచ్చు వేగముతో పోవుచుండును. 1,000 కి.మీ. తిరిగిన బండి 959 కి.మీ. తిరిగినట్లు చూపును. 80 లీటర్ల డీజిలుతో 1,000 కి.మీ. తిరిగినచో లీటరుకు వచ్చినది పన్నెండున్నర. మీటరు లెక్కన పన్నెండే. ఆయిలు మార్చు గడువును మీటరును బట్టి పాటించు వారికి గడువు దాటిన సంగతియే తెలియకుండును.

రాపిడి, రేగడి మట్టి

పెద్ద టైరును ఖాళీ బండికి వేసి చూచినపుడు అంతయు సరిపోయినట్లే కనిపించును. బరువు వేసి, స్ప్రింగు పట్టీలు అణగిన తరువాత, స్టీరింగును రెండు ప్రక్కలకు పూర్తిగా త్రిప్పి చూడవలెను. టైరు మడ్‌గార్డునకు గాని, స్ప్రింగునకు గాని, బ్రేకు గొట్టమునకు గాని ఒరసుకొనినచో అది రోడ్డుపై టైరు కోసుకొనిపోవుటకును, బ్రేకు ఆయిలు కారిపోవుటకును దారితీయును.

రేగడి నేలల రైతులు ఇంకొక సంగతి గమనించవలెను. తడి రేగడి మట్టి టైరునకు అంటుకొని చుట్టుకొనుచు పోవును. టైరునకు, మడ్‌గార్డునకు నడుమ చోటున్నచో కొంత రాలిపోవును. టైరు పెద్దదైన ఆ చోటు ఇరుకగును. మట్టి అందు గట్టిగా నిండి చక్రమునే తిరుగనీయదు. బురదలో దిగబడకుండుటకై వేసిన టైరే బురదలో బండిని నిలిపివేయును.

వెడల్పు టైరు అన్ని నేలలకును మేలు చేయదు. ఇసుకలోను, లోతైన మెత్తని నేలలోను బరువును పరచి దిగబడకుండ కాపాడును. కాని క్రింద గట్టినేల ఉండి పైన పలుచని బురద ఉన్నచోట సన్నని టైరే బురదను కోసుకొని గట్టినేలను పట్టును. వరి దమ్ము చేయునపుడు ట్రాక్టరునకు పెద్ద టైర్లు వేయక కేజ్‌వీల్సు ఎందుకు బిగింతుమో రైతులకు తెలియనిది కాదు. బురదలో కావలసినది పరిమాణము కంటె పట్టు.

బరువు మోయు శక్తి పెరుగునా?

టైరు మోయు శక్తి పెరుగవచ్చును. బండి మోయు శక్తి పెరుగదు. 104 సంకేతముగల నాలుగు టైర్లు కలిసి 3,600 కిలోలు మోయగలవు. అయితే ఆర్.సి.లో బండితో కూడిన మొత్తము బరువు 2,800 కిలోలని యున్నచో ఆ బండి హద్దు 2,800 కిలోలే. ఇరుసు, స్ప్రింగులు, బేరింగులు, చాసిస్, బ్రేకులు ఆ హద్దును బట్టియే చేయబడినవి. టైరు మారినంతనే ఇవి బలపడవు. సరకు బరువులో ఎక్కువ భాగము వెనుక ఇరుసుపైననే పడునని కూడ మరువరాదు.

ఇట్టి బండ్లలో పంటతోపాటు కూలీలను ఎక్కించుకొని పోవుటయు చూచుచున్నాము. ఎత్తు పెంచిన బండి, తగ్గిన బ్రేకు, హద్దు మీరిన బరువు, పైన మనుషులు: మలుపులో బండి ఒరుగుటకు ఇంతకంటె వేరు కారణము అక్కరలేదు. సరకుల బండి సరకులకే. కూలికి వచ్చినవారిని క్షేమముగా ఇంటికి చేర్చు బాధ్యత బండి యజమానిది.

చట్టము

1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్ణయించి, ఆర్.సి.లో నమోదైన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును స్పష్టపరచినది. సరకు రవాణా వాహనముల రిజిస్ట్రేషను వివరములలో టైర్ల పరిమాణము కూడ చేరియుండును. 2019 సవరణ చట్టమును బట్టి అనుమతిలేని ప్రతి మార్పునకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. అధిక బరువునకు 20,000 రూపాయలును, హెచ్చు టన్నుకు 2,000 రూపాయల చొప్పునను జరిమానా కలదు. ప్రమాదము జరిగినపుడు బీమా కంపెనీ ఈ మార్పును చూపి పరిహారముపై పేచీ పెట్టుటకును అవకాశమున్నది.

రైతులు చేయవలసినవి

1. బండితో వచ్చిన పుస్తకములో తయారీదారు మీ మోడలుకు రెండవ కొలతను కూడ అనుమతించి యున్నచో దానిని మాత్రమే వేయించవలెను. లేనిచో పాత కొలతయే వేయించవలెను.

2. బురద దారులున్న చోట అదే కొలతలో లోతైన గాడులుగల టైర్లను వెనుక చక్రములకు వేయించవలెను. ఒకే ఇరుసుపై రెండు కొలతల టైర్లు ఉండరాదు; డిఫరెన్షియల్ త్వరగా చెడును. స్టెపినీ కూడ అదే కొలతలో ఉండవలెను.

3. టైరు చల్లగా నున్నపుడు, బయలుదేరకముందే గాలి చూడవలెను. డ్రైవరు తలుపు దగ్గరి చీటీపై గాని, పుస్తకములో గాని ముందు, వెనుక చక్రములకు వ్రాసిన అంకెలను పాటించవలెను. గాలి తక్కువైన టైరు నలిగి వేడెక్కి పగులును. ఇది వేసవిలో మరింత ప్రమాదకరము.

4. గాడులలోని అరుగుదల గుర్తు వరకు టైరు అరిగినచో, అనగా లోతు 1.6 మి.మీ.కు దిగినచో, ఆ టైరును మార్చవలెను. నున్నబడిన టైరు వానలో నిలువదు.

5. ఖాళీ బండి వెనుక చక్రములు తేలికై బురదలో ఊరక తిరుగును. వెనుక ఇరుసుపై నాలుగు బస్తాల మట్టిని వేసుకొనిన పట్టు దొరకును. ఒక పార, రెండు పలకలు, కొన్ని గోనెసంచులు బండిలో ఉంచుకొనవలెను.

6. వానకాలములో పికప్‌ను చేనిలోనికి దింపక, పంటను ట్రాక్టరు ట్రక్కుపై గాని ఎడ్లబండిపై గాని గట్టి రోడ్డు వరకు తెచ్చి అచ్చట ఎక్కించుట మేలు.

7. డొంకదారిపై నీరు నిలువకుండ ప్రక్కన కాలువ తీసి, గాడులలో మొరము నింపుటకు ఆ దారిన పోవు రైతులందరు కలిసి పూనుకొనవలెను. ఒక్క బండికి పెద్ద టైర్లు వేయించుటకగు వ్యయముతో ఊరి బండ్లన్నింటికిని పనికివచ్చు దారిలో కొంత భాగమైనను బాగుపడును.

పంట చేతికి వచ్చిన తరువాత మార్కెట్టునకు చేరు వరకు అది రైతు పూచీలోనే యున్నది. దానిని చేర్చు బండిని తయారుచేసిన కొలతలలోనే ఉంచి, సరియైన గాలితో, హద్దు మీరని బరువుతో నడుపుకొనిన టైరు మన్నును, డీజిలు కలిసివచ్చును, మనుషులును పంటయు క్షేమముగా చేరుదురు. టైర్లు మార్చదలచిన రైతులు, కొనకముందే ఆర్.సి.ని, బండి పుస్తకమును ప్రక్కన పెట్టుకొని, పైన చూపిన లెక్కను ఒకసారి వేసి చూచుకొందురు గాక.