పీడీగా చేరబోతున్న చిట్టితల్లికి

బ్లూమింగ్టన్, ఇండియానా
2025 జనవరి



నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. సంక్రాంతి సెలవులయ్యాక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా, అదే పీడీగా, చేరుతున్నావు, ఆడపిల్లల కబడ్డీ జట్టు నీ చేతికొస్తోంది. మూడేళ్లుగా ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి రౌండ్ దాటని జట్టు. సంతోషం. ఆ తరవాత అన్న మాటే కాస్త గుచ్చుకుంది: "సీనియర్లందర్నీ తీసేస్తాను పెదనాన్నా, మొదటిరోజే మీ కోచ్ లాగా గట్టిగా చెప్పేస్తాను." మా ఊరి ఫుట్‌బాల్ కోచ్ వీడియో నీకు పంపింది నేనే కనక ఈ పాపంలో నాకూ వాటా ఉంది. అందుకే వీడియోలో లేనిది రాస్తున్నాను.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం అనుకునేది కాదని నీకు తెలుసు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, హెల్మెట్లు పెట్టుకుని, ఒకర్నొకరు ఢీకొంటూ ముందుకు తోసుకుపోతారు. పట్టు, విదిలింపు, గీత దాటడం. నిజానికి నీ కబడ్డీకే దగ్గర చుట్టం.

మా ఊరికి బాస్కెట్‌బాల్ పిచ్చి. ఇండియానా యూనివర్సిటీకి ఫుట్‌బాల్ జట్టూ ఒకటుంది, ఉందంటే ఉంది. పై స్థాయి కాలేజీ జట్లన్నిటిలోకీ ఎక్కువసార్లు ఓడిన జట్టని పేరుండేది. మేం మ్యాచ్‌కని బయల్దేరి, పార్కింగ్‌లోనే పొయ్యి వెలిగించుకుని తిని, సగం ఆటకే ఇల్లు చేరేవాళ్లం. 2023లో పన్నెండు ఆడి తొమ్మిది ఓడారు. కోచ్ టామ్ అలెన్‌ని తీసేశారు. 2020లో ఎనిమిదింట ఆరు గెలిపించినప్పుడు ఇదే ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. అందుకే, నీకంటే ముందున్న పీడీ గురించి స్టాఫ్ రూమ్‌లో ఎవరేమన్నా నువ్వు వంత పాడకు.

అలెన్ జాగాలో కర్ట్ సిగ్నెట్టి వచ్చాడు. వచ్చీ రాగానే బాస్కెట్‌బాల్ హాల్లో మైకు పట్టుకుని ప్రత్యర్థి జట్లు పర్డ్యూనీ, మిషిగన్‌నీ, ఒహాయో స్టేట్‌నీ కలిపి తిట్టాడు. ఆటగాళ్లని ఎలా ఒప్పిస్తున్నారని విలేకరి అడిగితే, నేను గెలుస్తాను, గూగుల్ చేసుకోండి అన్నాడు. నువ్వు చూసింది అంతవరకే. గూగుల్ చేస్తే ఏమొస్తుందో చూశావా?

2007 నుంచి నాలుగు సీజన్లు అలబామాలో నిక్ సేబన్ దగ్గర పనిచేశాడు. 2009లో దేశం మొత్తం మీద గెలిచిన జట్టది. అలాంటి చోటు వదిలేసి, యాభై ఏళ్లు వస్తుండగా, జీతం బాగా తగ్గించుకుని, పెన్సిల్వేనియాలో ఓ చిన్న కాలేజీకి ప్రధాన కోచ్‌గా వెళ్లాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు కోచ్‌గా చేసిన కాలేజీయే. అక్కణ్ణుంచి ఈలాన్, అక్కణ్ణుంచి జేమ్స్ మాడిసన్. ఆ మూడు చోట్లా కలిపి పదమూడు సీజన్లలో ఒక్కటంటే ఒక్కటి కూడా గెలుపులకన్నా ఓటములు ఎక్కువగా ముగియలేదు. ఆ ఒక్క మాట వెనక అంత ఉంది. నీ వెనక ఇప్పటికి బీపీఎడ్ సర్టిఫికెట్టు ఉంది. కోపం తెచ్చుకోకు.

ఇక పాతవాళ్లని తీసేయడం. సిగ్నెట్టి పదమూడు మందిని జేమ్స్ మాడిసన్ నుంచి వెంటబెట్టుకొచ్చాడు, నిజమే. ఇక్కడ ఆటగాళ్లు కాలేజీ మారేందుకు దారి తెరిచి ఉంది. కానీ మనకి కొత్తవాళ్లే గానీ ఆయనకి వాళ్లు కొత్తవాళ్లు కాదు. ఎవరి మోకాలు ఎప్పుడు నొప్పి పెడుతుందో కూడా తెలిసినవాళ్లు. ఎత్తూ బరువూ చూసి వీడు ఎప్పటికైనా బాగా ఆడతాడులే అని తీసుకోడట, మైదానంలో ఇప్పటికే ఏం చేశాడో చూస్తాడట. పాత జట్టులో అది కనబడినవాళ్లు మిగిలారు కూడా. నీ సీనియర్లు ఏం చేయగలరో ఒక్క పూటైనా చూశావా? చూడకుండా తీసేస్తే అది కోచింగ్ కాదమ్మా, బదిలీల సీజన్.

సీజన్ మొదలవక ముందు విలేకరులు పద్దెనిమిది జట్ల లీగ్‌లో మమ్మల్ని పదిహేడో స్థానంలో పెట్టారు. తీరా చూస్తే వరసగా పది గెలిచారు. ఇండియానా చరిత్రలో ఒక సీజన్‌లో పది గెలవడమే మొదటిసారి. నెబ్రాస్కాని 56-7తో చితగ్గొట్టిన రోజు కూడా ఆయన ముఖం బాకీ వసూలుకొచ్చినవాడిలాగే ఉంది. అదే ఆటలో బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రూర్క్ బొటనవేలికి దెబ్బ తగిలింది. మరుసటి వారం వాషింగ్టన్ మీద రెండోవాణ్ణి దింపి 31-17తో గెలిచారు. ఆ రెండోవాణ్ణి సిద్ధంగా ఉంచడం ఏ వీడియోలోనూ కనబడదు. నీ మెయిన్ రైడర్‌కి ఆరోజు జ్వరమొస్తే కూతకెళ్లేది ఎవరు?

అసలు చెప్పాలనుకున్నది నవంబరు 23 సంగతి, ఒహాయో స్టేట్ మీద. ఏడు-ఏడు మీద ఉన్నాం. ఇక ముందుకు పోలేమనుకున్నప్పుడు బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి ఇచ్చేస్తారు, పంట్ అంటారు. తన్నాల్సిన మావాడు వెనక్కి అందించిన బంతిని పట్టుకోబోయి జారవిడిచాడు. గీతకి ఏడు గజాల దూరంలో వాళ్లకి చిక్కింది, పాయింట్లయ్యాయి. విరామం తరవాత మళ్లీ పంట్. ఈసారి బాగానే తన్నాడు గానీ అవతలి కుర్రాడు దాన్ని పట్టుకుని 79 గజాలు పరిగెత్తి గీత దాటేశాడు. చివరికి 38-15. టీవీలో పెద్దలు ఇండియానా పెద్ద జట్ల స్థాయికి తగదన్నారు. అవతలివాళ్ల బలమే ఎక్కువ, కాదనను. అయినా ఆట మా చేతిలోంచి జారడం మొదలైంది రెండు పంట్ల దగ్గర. సీజనంతా ఎవరూ చప్పట్లు కొట్టని పని అది.

వారం తిరిగేసరికి పర్డ్యూని 66-0తో కొట్టారు, డిసెంబరులో నోటర్ డేమ్ చేతిలో 27-17తో ఓడి ఇంటికొచ్చారు. పదకొండు గెలుపులు, రెండు ఓటములు. అన్నట్టు, నవంబరులోనే సిగ్నెట్టికి ఎనిమిదేళ్ల ఒప్పందం రాశారు, ఏడాదికి ఎనభై లక్షల డాలర్ల లెక్కన. మీ కాలేజీవాళ్లు నీకు నెలనెలా జీతం సరిగ్గా వేస్తారో లేదో మాత్రం చేరకముందే కనుక్కో.

మొదటి వారం ఎవరి మీదా ఏమీ అనకు. సాయంత్రం గంటసేపు ఆడించి, ఒక నోటుపుస్తకం పట్టుకుని పక్కన కూచో. ఆఖరి బస్సు ఎవరికి ఎన్నింటికో రాసుకో, ప్రాక్టీసు దానికి తగ్గట్టు పెట్టు. రైడ్‌కెళ్లేవాళ్లని ఎలాగూ అందరూ చూస్తారు. నువ్వు కార్నర్‌లో నిలబడే పిల్లల్ని చూడు, ఇద్దరే మిగిలినప్పుడు కూడా కాలు పట్టడానికి దూకుతున్నది ఎవరో చూడు. నాకు తెలిసి వాళ్లలో ఒకరో ఇద్దరో నువ్వు తీసేస్తానన్న సీనియర్లే అయ్యుంటారు.

ఆ నోటుపుస్తకం పేజీ ఫొటో తీసి పంపు. పన్నెండు మందికీ మోకాలి తొడుగుల సైజులు కూడా రాయి. వేసవిలో మీ అక్క వస్తోంది, దాని పెట్టెలో పెడతాను. పచ్చళ్లకి చోటు లేదని మీ పెద్దమ్మ అప్పుడే గొడవ మొదలెట్టింది.

మీ పెదనాన్న